కెప్టెన్ కావడానికి ఎన్నేండ్లు?

క్రిందటి సంక్రాంతికి మా వీధిలోని ఒక కుర్రవాడు సెలవు మీద ఇంటికి వచ్చాడు. కేరళ తీరాన ఎళిమలలో ఉన్న నౌకాదళ అకాడమీలో శిక్షణ ముగించి, సబ్ లెఫ్టినెంటుగా చేరినవాడు. వచ్చిన మరునాడు పెట్టెలోంచి తెల్లని యూనిఫారము తీసి అమ్మకు చూపిస్తూ ఉండగా, అరుగు మీద కూర్చున్న వాళ్ళ తాతగారు ఒకటే ప్రశ్న వేశారు.

"ఏం రా నాయనా, కెప్టెన్ ఎప్పుడైతావు?"

"ఎంత లేదన్నా పదిహేనేండ్లు పడుతుంది తాతా. అదీ బోర్డు మెచ్చితేనే."

"పదిహేనేండ్లేనా!" అని తాతగారు నవ్వారు. "మా నాయన ముప్పై ఏండ్లు గనిలో దిగినాడు రా. నువ్వెప్పుడు కెప్టెన్ అవుతావని ఆయన్ని అడగాలనే ఊహ గూడా మా అమ్మకు రాలేదు."

మేము అప్పుడు ఆ అరుగు మీదనే ఉన్నాము. ఇద్దరూ ఒకే మాట వాడారు గాని ఇద్దరి కెప్టెన్లూ ఒకరు కారు. మనవడి కెప్టెన్ ఓడ నడిపేవాడు. తాతగారి కెప్టెన్ గని నడిపేవాడు. ఇంగ్లండు నైరృతి మూలనున్న కార్నువాలు ప్రాంతంలో ఒకప్పుడు తగరపు గనులు, రాగి గనులు ఎక్కువగా ఉండేవి. అక్కడ గని లోపలి పనిని చూచే పెద్దను కెప్టెన్ అనే పిలిచేవారు. ఆ కార్నువాలు మనుషులు మన కోలారు గనులకు వచ్చినప్పుడు పలుగూ పారతో పాటు ఆ బిరుదును కూడా వెంట తెచ్చుకొన్నారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇక్కడ అడుగుపెట్టిన తరువాత, డబ్బంతా కరిగిపోయి వాటాదారులు గని మూసివేద్దామనే స్థితిలో ఉండగా, 1883 ప్రాంతంలో చాంపియన్ రీఫు అసలు బంగారు పొరను పట్టుకొన్నవాడు కెప్టెన్ ప్లమ్మరు. ఆయన ఏ ఓడకూ కెప్టెన్ కాడు. సముద్రానికి ఇంత దూరాన, మెట్టపొలాల నడుమ కెప్టెన్లు ఉండడం మన తాతలకు వింతగా తోచలేదంటే, వారికి కెప్టెన్ అనగా దొర అనే తెలుసు గాని ఓడ సంగతి తెలియదు గనుకనే కాబోలు.

ఆ సాయంత్రం సంభాషణ మమ్మల్ని కొన్నాళ్ళు విడిచిపెట్టలేదు. ఒక మెట్టు నుండి పై మెట్టుకు ఎక్కడానికి మనిషి ఎన్నేండ్లు కాచుకోవాలి అనేది చూడడానికి ఆఫీసు గుమాస్తాల ప్రశ్న లాగా ఉంటుంది. కాని దాని వెనుక నూరేండ్ల చరిత్ర ఉన్నది. ఈ ఉగాది సంచికకు ఆ చరిత్రనే వ్రాయదలచుకొన్నాము.

మొదట కుర్రవాడి లెక్క చూద్దాము. నేటి భారత నౌకాదళంలో సబ్ లెఫ్టినెంటుగా చేరిన అధికారి 2 ఏండ్లకు లెఫ్టినెంటు అవుతాడు. 6 ఏండ్ల సర్వీసు నిండితే లెఫ్టినెంటు కమాండరు. 13 ఏండ్లు నిండితే కమాండరు. ఇంతవరకు పని సక్రమంగా చేసికొంటూ, పెట్టిన పరీక్షలు నెగ్గుతూ, ఆరోగ్యం కాపాడుకొంటూ పోతే కాలమే మనిషిని పైకి మోసుకొని పోతుంది. అజయ్ విక్రం సింగ్ సంఘం సిఫారసులు 2004 డిసెంబరులో అమలులోకి వచ్చినప్పటి నుండి ఈ కొలతలు. అంతకు మునుపు ఈ మెట్ల మీద ఇంకా చాలా ఎక్కువ కాలం నిలబడవలసి వచ్చేది. యువకులైన అధికారులు చేతిలో పని ఉండి కూడా భుజం మీద పట్టీ మారక విసిగిపోవడం ఆ సంఘాన్ని వేయడానికి ఒక కారణం.

కమాండరు తరువాత కాలం చెల్లదు. కెప్టెన్ పదవికి బోర్డు కూర్చుని ఎన్నిక చేయాలి. ఒక్కొక్క ఏటి జట్టును ఒకచోట పెట్టి, వారి రహస్య నివేదికలు, ఓడ మీద చేసిన పని, ఉన్న ఖాళీలు అన్నీ చూచి కొందరినే ఎత్తుతారు. మిగిలినవారు కమాండర్లుగానే ఉండిపోతారు. 26 ఏండ్లు నిండితే కాలం మీద దక్కే కెప్టెన్ పట్టీ ఒకటి ఉన్నది గాని, ఆ దారిన వచ్చినవారికి కమొడోరు, రియర్ అడ్మిరలు మెట్లు సాధారణంగా అందవు. పైకి పోయే కొద్దీ గోపురం సన్నబడుతుంది. వైస్ అడ్మిరలు దాకా చేరేవారు ఒక జట్టులో ఏ ఒకరో ఇద్దరో. కలశం ఒక్కటే గదా.

ఇక్కడ మన ఇళ్ళలో తరచు వచ్చే ఒక పొరపాటు చెప్పి ముందుకు పోతాము. సైన్యంలో కెప్టెన్ అంటే రెండేండ్ల సర్వీసు వాడు. నౌకాదళంలో కెప్టెన్ అంటే సైన్యపు కర్నలుతో సమానం. పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈ భేదం తెలియక మురిసినవారూ ఉన్నారు, చిన్నబుచ్చుకొన్నవారూ ఉన్నారు.

ఈ మెట్లు మనవి కావు. ఇంగ్లీషు నౌకాదళం నుండి వచ్చినవి. అక్కడ పూర్వం పద్ధతి ఇంకా విచిత్రం. ఒక మనిషి కెప్టెన్ అయ్యేదాకా పలుకుబడి, పరాక్రమం, అదృష్టం అన్నీ పని చేసేవి. కెప్టెన్ల పట్టీలో పేరు ఎక్కిన తరువాత మాత్రం ఏదీ పని చేయదు. పట్టీలో తనకంటె పైనున్నవారు చచ్చిపోవాలి, లేదా పైకి పోవాలి. అంతే. ఆ దేశం పూజించే నెల్సనును చూడండి. 1758లో పుట్టి, 1779లో ఇరవై ఒకటి నిండకముందే కెప్టెన్ అయ్యాడు. రియర్ అడ్మిరలు కావడానికి 1797 దాకా, అంటే దాదాపు పద్దెనిమిదేండ్లు కాచుకొన్నాడు. నెల్సనుకే ఆ గతి పట్టితే తక్కినవారి మాట చెప్పనక్కరలేదు. యుద్ధమో, అంటురోగమో వస్తే తమకు ఖాళీలు దొరుకుతాయని అధికారులు భోజనాల బల్ల దగ్గర మధుపాత్రలెత్తి కోరుకొనేవారట. వినడానికి ఘోరంగా ఉన్నా, అందులో పరాచికం కంటె లెక్కే ఎక్కువ.

1815లో ఫ్రెంచి యుద్ధాలు ముగిశాయి. ఓడలు రేవుల్లో కట్టివేశారు. నౌకలు లేని కెప్టెన్లు వందలమంది సగం జీతం మీద పల్లెటూళ్ళలో కూర్చున్నారు. లెఫ్టినెంట్లు లెఫ్టినెంట్లుగానే తల నెరసిపోయారు. ఆ కాలపు విడ్డూరం ప్రోవో వాలిస్ అనే ఆయన. 1813లో షానన్ అనే ఓడ మీద కెప్టెన్ గాయపడి పడిపోగా, ఈ యువ లెఫ్టినెంటు కొద్ది రోజులు ఓడను నడిపించి రేవు చేర్చాడు. 1870లో అధికారుల వయోపరిమితి నిబంధనలు వచ్చినప్పుడు, ఫ్రెంచి యుద్ధాలలో ఓడకు ఆధిపత్యం వహించినవారికి ఆ నిబంధన వర్తించదని మినహాయింపు పెట్టారు. ఆ కొద్ది రోజుల పుణ్యాన వాలిస్ పేరు పట్టీలో అలాగే నిలిచిపోయింది. 1892లో నూరేండ్ల వయస్సులో ఆయన కన్నుమూసేనాటికి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క. ఆయన క్రింద ఎంతమంది పైకి చూస్తూ కూర్చున్నారో!

లెఫ్టినెంటుగా 8 ఏండ్లు నిండితే లెఫ్టినెంటు కమాండరు అనే మెట్టు 1914లో ఏర్పడింది. ఇక మనిషి ఎంత కాచుకోవాలో కనీసం క్రింది మెట్ల మీదనైనా ఒక అంకె దొరికింది. మన నౌకాదళానికి వారసత్వంగా వచ్చినది ఈ పద్ధతే.

మెట్లు వచ్చాయి సరే, వాటి మీద మనవారిని ఎప్పుడు నిలబెట్టారు? అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క. సబ్ లెఫ్టినెంటు ఒక దళాధిపతి కావడానికి, అన్నీ కలిసివస్తే, ముప్పై అయిదు నలభై ఏండ్లు పడుతుంది. అడ్మిరలు దినేశ్ కుమార్ త్రిపాఠీ 1985 జూలై 1న నౌకాదళంలో అధికారి అయ్యారు; 2024 ఏప్రిల్ 30న ప్రధానాధిపతి అయ్యారు. అంటే ముప్పై తొమ్మిదేండ్లకు రెండు నెలలు తక్కువ. కనుక ఈనాడు పై మెట్టు మీద ఎవరు ఉండాలన్నది ఈనాడు తేలేది కాదు. ముప్పై నలభై ఏండ్ల క్రిందట అడుగు మెట్టు మీద ఎవరిని రానిచ్చారన్న దానిని బట్టి ఎన్నడో తేలిపోయింది. గుమ్మం దగ్గర ఒకణ్ణి ఆపితే ఆ ఒక్కడే ఆగిపోతాడు అనుకొంటాము. కాని ముప్పై ఏండ్ల తరువాత పై గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

బ్రిటిషువారి కాలంలో ఇక్కడి నావికశాఖ పేరు రాయల్ ఇండియన్ మెరైన్. దానిలో నావికులు మనవారు, అధికారులు వారు. భారతీయుడైన మొదటి అధికారి దేవేంద్రనాథ్ ముఖర్జీ. 1928లో ఇంజనీరింగు శాఖలో చేరాడు. ఆ శాఖ 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయినది. అప్పటికి సైన్యంలో సంగతి వేరు. మన ఇరుగు కొడగు నుండి వెళ్ళిన కరియప్ప 1919లోనే అధికారి అయ్యాడు. అందుకే 1949 జనవరి 15 నాటికి ముప్పై ఏండ్ల అనుభవంతో దళాధిపతి కాగలిగాడు. విమానదళం 1932లో పుట్టినప్పుడే సుబ్రతో ముఖర్జీ అందులో చేరాడు; 1954 ఏప్రిల్ 1న దానికి అధిపతి అయ్యాడు. నౌకాదళానికి మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా పదకొండేండ్ల దాకా ఇంగ్లీషు అధిపతులే వచ్చారు: హాల్, పారీ, పిజీ, కార్లిల్. నెహ్రూగారి ప్రభుత్వానికి ఇంగ్లీషువారి మీద మోజు అని అప్పట్లో కొందరు ఆక్షేపించారు. మేమైతే ఆ ఆక్షేపణను పూర్తిగా అంగీకరించలేము. 1947లో మన నౌకాదళంలో అందరికంటె పెద్ద భారతీయ అధికారులు సైతం సర్వీసులో చిన్నవారే. గుమ్మం ఆలస్యంగా తెరిచారు. ఫలం ఆలస్యంగా పండింది. పాకిస్తానువారు చౌదరీని 1953లోనే అధిపతిని చేసికొన్నారు, నిజమే. పచ్చి కాయను కోయడమా, పండే దాకా ఆగడమా అన్న దానిలో రెండు దేశాలూ రెండు దారులు పట్టాయి.

ఆ పండిన ఫలం రామదాసు కటారి. 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో పుట్టి, సికింద్రాబాదులోని మహబూబు కాలేజీ పాఠశాలలో చదివాడు. సికింద్రాబాదుకు సముద్రం ఎంత దూరమో మన బంగారుపేటకూ ఇంచుమించు అంతే. అట్టి మెట్ట ఊరి కుర్రవాడికి సముద్రం మీద మనసు ఎలా పోయిందో గాని, 1927లో బొంబాయి రేవులో డఫరిన్ అనే శిక్షణ నౌక తెరిచినప్పుడు, దాని పట్టీలో మొట్టమొదటి కేడెట్టు ఈయనే. డఫరిన్ పాత సైనిక రవాణా ఓడ. అది వర్తక నౌకలకు అధికారులను తయారు చేయడానికి పెట్టినది గాని యుద్ధనౌకల కోసం కాదు. 1930లో చదువు ముగించి కటారి కలకత్తాలో హుగ్లీ నదిని కొలిచే ఉద్యోగంలో చేరాడు. ఇసుక మేటలు ఏ రాత్రికి ఆ రాత్రి చోటు మారే నది అది. తొమ్మిదేండ్లు ఆ నీటిలో గుండు వేసి లోతులు చూచాడు. 1939లో యుద్ధం వచ్చింది. మనుషులు కావలసి వచ్చారు. నౌకాదళపు వాలంటీరు రిజర్వులో కటారికి చోటు దొరికింది.

అక్కడి నుండి అంతా పరుగే. 1956 అక్టోబరు 2న భారత నౌకాశ్రేణికి ఆధిపత్యం వహించిన మొదటి భారతీయుడు అయ్యాడు. 1958 ఏప్రిల్ 22న, 46 ఏండ్ల వయస్సులో, వైస్ అడ్మిరలు హోదాతో నౌకాదళ ప్రధానాధిపతి. యుద్ధనౌక ఎక్కిన నాటి నుండి లెక్కిస్తే పందొమ్మిదేండ్లు! నేటివారికి ముప్పై తొమ్మిది పట్టినది ఆయనకు అందులో సగంలో ముగిసింది. ఆయన అధిపతిగా ఉండగానే 1961 మార్చిలో విక్రాంత్ విమానవాహక నౌక మనదైంది. అదే ఏడు డిసెంబరులో గోవా విమోచనంలో నౌకాదళం పాల్గొన్నది. 1962 జూన్‌లో విశ్రమించి, తరువాత బర్మాలో మన రాయబారిగా పని చేసి, 1983లో కన్నుమూశాడు. తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో ఒక పుస్తకంగా కూడా వ్రాశాడు.

ఆయన అదృష్టవంతుడు అనేవారున్నారు. అంత వేగంగా పైకి పోవడానికి పైన ఖాళీ ఉండాలి గదా, ఆ ఖాళీ ఎలా వచ్చింది? ఆయనకంటె పదేండ్లు, పదిహేనేండ్లు పెద్దవారిని ఎవరినీ లోపలికి రానివ్వలేదు గనుక వచ్చింది. సముద్రం మీద ఆయనకు తగినవారే అయిన ఎందరో ఏ గుమాస్తా ఉద్యోగంలోనో, ఏ బడిపంతులు ఉద్యోగంలోనో ముసలివారై ఉంటారు. వేగంగా ఎక్కినవాని కథలో ఎక్కనే లేనివారి కథ దాగి ఉంటుంది.

ఇలా ఎక్కలేనని లెక్క తేల్చుకొని దిగిపోయినవాడు మన జిల్లాలోనే ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పక ముందే పాఠకులు పోల్చుకొంటారు. ముద్దేనహళ్ళి అప్పట్లో కోలారు జిల్లాలోని ఊరు. ఇంట్లో మాట తెలుగు. పూర్వులు మోక్షగుండం నుండి వలస వచ్చినవారని ఇంటి పేరే చెబుతుంది. మన సంఘంలో ఉండదగినవారే! విశ్వేశ్వరయ్యగారు 1884లో బొంబాయి ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలో చేరి, తన పనితనం మీద ఎందరినో దాటి పైకి వచ్చారు. కాని చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆ రోజుల్లో ఇంగ్లీషువారికే. అది తనకు రాదని ఆయనకు తెలుసు. 1908లో ఉద్యోగం వదులుకొన్నారు. ఆ సెప్టెంబరులోనే మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. నిజాము ప్రభుత్వం ఆయనను పిలిచింది. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాను. బొంబాయిలో కాచుకొని కూర్చుని ఉంటే కన్నంబాడి ఆనకట్ట ఉండేదా? ఆ ఆనకట్ట మొదటి ప్రయోజనాలలో ఒకటి శివసముద్రం కరెంటుకు నీరు తప్పకుండా చూడడం. 1902 నుండి ఆ కరెంటు వచ్చేది ఎక్కడికనుకొన్నారు? మన గనులకే.

ఇట్లు తిరిగి తిరిగి గని దగ్గరకే వచ్చాము. తాతగారి నాయన ముప్పై ఏండ్లు దిగిన ఆ షాఫ్టు దగ్గరకు.

గనులలో మెట్లు ఎట్లుండేవో చూడండి. పైన సూపరింటెండెంటు, ఆయన క్రింద కెప్టెన్లు, షిఫ్టు బాసులు. వీరందరూ ఇంగ్లండు నుండి వచ్చినవారు. నడుమ ఇటాలియనులు కొందరు, ఆంగ్లో ఇండియనులు చాలామంది. ఆ క్రింద మేస్త్రీ. మేస్త్రీ క్రింద మనం. మనం అంటే అరవవారు, తెలుగువారు, కన్నడిగులు అందరమూను. దస్త్రాలలో కూలీలు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చినవారు అని ఉంటే అందరూ అరవవారే అనుకొంటారు; 1911లో చిత్తూరు జిల్లా వేరు పడేదాకా ఆ వైపు తెలుగు తాలూకాలు కూడా ఉత్తర ఆర్కాటులోనివే అని మరువరాదు. దొరలకు కొండమీద బంగళాలు, క్లబ్బు; మనకు వెదురు తడికెల గుడిసెల లైన్లు. ఆ బంగళాలు కొన్ని నేటికీ ఉన్నవి.

నౌకాదళంలో ఆలస్యంగానైనా ఒక పట్టీ ఉన్నదని చెప్పుకొన్నాము. నీ ముందు ఎవరు, నీ వెనుక ఎవరు, నీ పేరు ఎక్కడ అన్నది దానిలో కనబడుతుంది. కోలారు గనులలో ఆ తొలి దశాబ్దాలలో కూలీలలో చాలామంది కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరు మారితే సర్వీసు మొదటికి వస్తుంది. నిన్న దిగినవాడూ ఇరవై ఏండ్లుగా దిగుతున్నవాడూ ఒకటే. పట్టీయే లేనిచోట నిరీక్షణ అనే మాటకు అర్థం లేదు. కాచుకోవడానికైనా వరుస కావాలి గదా! చివరకు కూలీలను లెక్కలోకి ఎక్కించాలని కంపెనీలు తలచినప్పుడు ఏమి అడిగాయి? పేరు కాదు, వేలిముద్ర. 1930లో ఆ వేలిముద్రలు ఇవ్వమని కూలీలు గనులన్నిటిలోనూ పని ఆపివేశారు. దొంగల దగ్గర తీసికొనేది మా దగ్గర ఎందుకు తీసికొంటారని వారి వాదం. ఆ సమ్మె మన ప్రాంతపు కార్మిక చరిత్రలో మొదటి పెద్ద పుట.

పైమెట్ల సంగతికి వస్తే, అక్కడా గుమ్మం కథే. దేశంలో గనుల చదువు కోసం ధన్‌బాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1926లో తెరిచారు. డఫరిన్ కంటె ఒక్క ఏడు ముందు. గనికి, ఓడకు మనవాడిని అధికారిని చేసే గుమ్మాలు పన్నెండు పదమూడు నెలల తేడాలో తెరుచుకొన్నవన్నమాట. ఆ గుమ్మాన పోయినవారు పైకి చేరడానికి రెండు చోట్లా ముప్పై ఏండ్లు పట్టింది. గనుల ప్రక్కనే ఉన్న క్యాసంబళ్ళి వాస్తవ్యులు కె.సి. రెడ్డిగారు 1947 అక్టోబరులో మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రాజ్యమే మనది అయినది గాని, ముఖ్యమంత్రి ఊరికి కూతవేటు దూరాన ఉన్న షాఫ్టులలో పెత్తనం మారలేదు. 1956 నవంబరు చివర నిజలింగప్పగారి ప్రభుత్వం గనులను స్వాధీనం చేసికొన్నది. కటారి నౌకాశ్రేణి పగ్గాలు పట్టినది అదే ఏడు అక్టోబరు 2న అని పైన వ్రాశాము. రెండింటికీ నడుమ రెండు నెలలు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసినది కాదు; ఒకే కాలంలో వేసిన విత్తులు ఒకే కాలంలో పండాయి.

ఆ కాలంలోనే గనిలో మెట్లకు వ్రాతమూలకమైన కొలతలు వచ్చాయి. 1952 గనుల చట్టం, 1961 లోహగనుల నిబంధనలు. మేటు, ఫోర్‌మాన్, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు. ఒక్కొక్క దానికి ఇన్నేండ్ల పని అనుభవం, ఆపైన పరీక్ష. వాడు ఏ ఓడలో వచ్చాడు అని కాక, ఏ సర్టిఫికేటు ఉన్నది అని అడగడం మొదలైంది. దొరలు ఒక్కొక్కరుగా బంగళాలు ఖాళీ చేశారు. 1962లో గనులు కేంద్రానికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే పేరు వచ్చింది. మా తాతగారి వంటివారు ఈ దశలోనే పని చేశారు. ఆయన మేస్త్రీ మెట్టు దాటి ఫోర్‌మాన్ సర్టిఫికేటు తెచ్చుకొన్నారు. దానిని నేటికీ అద్దంలో పెట్టి గోడకు తగిలించుకొన్నారు.

అయితే మెట్లు మనవి అయ్యేనాటికి ఇల్లే కుంగిపోతూ ఉన్నది. చాంపియన్ రీఫు మూడు వేల మీటర్లు దాటి లోతుకు పోయింది. అడుగున వేడి, పైన ఖర్చు, నడుమ సన్నబడిన బంగారు పొర. ఒకప్పుడు ముప్పై వేలమందికి అన్నం పెట్టిన గనులు ఏటేటా మనుషులను తగ్గించుకొన్నాయి. ఖాళీలు లేనిచోట ప్రమోషన్లు ఉండవు; 1815 తరువాత ఇంగ్లీషు లెఫ్టినెంట్లు రేవులో కట్టిన ఓడలను చూస్తూ కూర్చున్నట్లు, మన ఫోర్‌మాన్లు మూసివేసిన షాఫ్టులను చూస్తూ కూర్చున్నారు. 2001 ఫిబ్రవరి 28న పని పూర్తిగా ఆగింది. తాతగారు పై సర్టిఫికేటు పరీక్షకు చదువుకొంటున్న పుస్తకాలు ఆ ఏడు కట్టకట్టి అటక మీద పెట్టారట.

నౌకాదళంలో కూడా గుమ్మం కథ కటారితో ముగియలేదు. 1992 నుండి స్త్రీలను అధికారులుగా తీసికొన్నారు గాని, చాలాకాలం తక్కువ గడువు ఉద్యోగమే. ఎక్కువలో ఎక్కువ పద్నాలుగేండ్లు. పై లెక్క గుర్తుందా? పదమూడో ఏట కమాండరు, పదిహేనేండ్ల తరువాత కెప్టెన్ బోర్డు. అంటే వారిని సరిగ్గా ఆ బోర్డు గుమ్మం ముందే ఇంటికి పంపేవారన్నమాట. లెఫ్టినెంటు కమాండరు అన్నీ నాగరాజ, తదితరులు న్యాయస్థానానికి పోయారు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు వారికి శాశ్వత కమిషన్ హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. ఆ గుమ్మాన పోయినవారిలో ఎవరు ఏ మెట్టు దాకా పోతారో తెలియడానికి ఇంకా చాలా ఉగాదులు రావాలి.

కుర్రవాడి సెలవు పదిరోజుల్లో అయిపోయింది. విశాఖపట్నంలో ఒక ఓడ మీద పోస్టింగు. అక్కడి నౌకాదళ కేంద్రానికి సర్కార్స్ అని మన ఉత్తర సర్కారుల పేరే ఉన్నదని చెబితే తాతగారు చాలా సంతోషించారు. బయలుదేరే ముందు రోజు ఆయన లోపలికి పోయి, చిన్న గుడ్డ మూట తెచ్చి విప్పారు. వాళ్ళ నాయన గనిలో దిగేటప్పుడు చూపించే ఇత్తడి బిళ్ళ. అరిగిపోయి ఉన్నది. దాని మీద పేరు లేదు. ఒక అంకె మాత్రం ఉన్నది.

మనవడు దానిని అటూ ఇటూ తిప్పి చూచాడు.

"నీకు పట్టీలో పేరుంటుందా నాయనా?" అన్నారు తాతగారు.

"ఉంటుంది తాతా. పేరూ ఉంటుంది, నంబరూ ఉంటుంది."

"ఎన్నో వరుస?"

మనవడు చెప్పాడు. తాతగారు ఆ అంకెను రెండుసార్లు పైకి అనుకొని, గోడ మీది క్యాలెండరు మూలన పెన్సిలుతో వ్రాసికొన్నారు.